గుర్తులు

బుడ్డిదీపం ఆర్పాక
మా నాయనమ్మ కెజియమ్మ మోకరించేది,
టంగుటూరు పల్లెలో, పొగాకు వాసన వదలని చాప మీద.
పగలంతా గ్రేడింగు షెడ్డులో
ఒక్కో ఆకునీ రెండువైపులా తిప్పి చూసిన వేళ్ళు
జిగురుతో నల్లబడి ఉండేవి.
"జోడిస్తే ఊడిరావే, అందుకే నా ప్రార్థన అంత పొడుగు"
అని నవ్వేది.

నిజంగానే అది ఎప్పటికీ అయ్యేది కాదు.
పేరు చెప్పి ఊరుకునే మనిషి కాదు మరి.

"ప్రభువా, మస్తానమ్మ కూతురు,
పెద్దది కాదయ్యా, నడిపిది,
నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటదే, ఆ పిల్ల,
దానికి నెలలు నిండినయ్యి.
బ్యారన్ కాడ మంటేసే జక్కరయ్య,
అదే, ఎడం చెవి ఇనపడదు,
ఇనపడినట్టు తలకాయ ఊపుతాడు, ఆయన దగ్గు తగ్గించు.
మేస్త్రి చెంచురామయ్య,
కూలి కోస్తాడు, నీకు తెలుసు.
వాళ్ళమ్మ కళ్ళల్లో మందు మాత్రం ఎవర్నీ పొయ్యనియ్యడు,
తనే పోస్తాడు. అదీ నీకు తెలుసు."

నిద్రమత్తులో ఒకసారి అడిగాను:
"ఇన్ని గుర్తులెందుకు నాయనమ్మా?
ఆయన పొరబడతాడా?"
"ఆయనెందుకు పొరబడతాడే!
చెప్పకపోతే నేను పొరబడతాను."

నలభై ఏళ్ళ తర్వాత
ఒంగోలు లాయరుపేటలో, మేడ మీద గదిలో,
నా నవల పదకొండో అధ్యాయం.
రాత్రి. గోడౌను. ఒక కాపలావాడు.
వాడి పని చిన్నది:
తాళం తీయాలి, రెండు బేళ్ళు బండికెత్తించాలి,
దొరికిపోవాలి.
మీసం పెట్టాను. ఎర్రకళ్ళు పెట్టాను. బీడీ ఇచ్చాను.
దొంగకి ఇంకేం కావాలి?

నిలబడ్డాడు,
క్రిస్మస్ నాటకంలో అట్టతో కోసిన గొర్రెలా.
ఎదురుగా చూస్తే గొర్రే.
పక్కకి తిరిగితే అట్ట.

నాలుగు రాత్రులు రాశాను, కొట్టేశాను.
అయిదో రాత్రి కుర్చీ వెనక్కి నెట్టి
ఎందుకో మోకాళ్ళ మీద పడ్డాను.
నేను చర్చికి సరిగ్గా పోయేదాన్ని కాదు.
లేని మనిషి కోసం ప్రార్థించవచ్చో లేదో
పాస్టరుగారిని అడగాలంటే సిగ్గు.
అయినా మొదలెట్టాను, ఆమె గొంతుతోనే:
"ప్రభువా, ఆ కాపలావాడు...
అదే..."

ఆ 'అదే' తర్వాత నా దగ్గర ఏమీ లేదు.
మీసం సంగతి చెబితే ఆయన నవ్వుతాడు.

ఫ్యాను తిరిగింది. లారీ ఏదో పోయింది.
చాలాసేపటికి ఒక పేరు వచ్చింది: మాలకొండయ్య.
ప్రతి శనివారం కొండకి పోవాలనుకుంటాడు,
ప్రతి శనివారం డ్యూటీ పడుతుంది.
టీ సాసర్లో పోసి సగం కుక్కకి పెడతాడు,
ఎవరైనా చూస్తే కుక్కని తిడతాడు.
తాళంచెవి మొలతాడుకి కట్టుకుని
నిద్రలో కూడా తడుముకుంటాడు.
ఇరవై రెండేళ్ళలో ఒక్క కాడ పోనివ్వలేదు.

ఇక దొంగతనం చెయ్యడులే అనుకున్నాను.
చేశాడు.
మొలతాడు ముడి రాకపోతే పళ్ళతో కొరికాడు.
కుక్క మొరగలేదు,
తెలిసిన మనిషి కదా.

ముందైతే వాణ్ణి ఒక్క వాక్యంలో జైలుకి పంపేదాన్ని.
ఇప్పుడు స్టేషను దాకా పక్కన నడవాల్సి వచ్చింది,
తొమ్మిది పేజీలు,
తారు రోడ్డు మీద, వట్టికాళ్ళతో.
వాడి చెప్పులు గోడౌను దగ్గరే ఉండిపోయాయి.
నావి నేనే విప్పాను.

రాసిందంతా మూసి దీపం ఆర్పాక
నాయనమ్మ ప్రార్థన చివర గుర్తొచ్చింది.
ఊరంతా అయ్యాక, ఆఖరున, నేను.
"ఇదిగో, ఈ పిల్ల,
పక్కనే పడుకోనుంది, నిద్రపోయినట్టు నటిస్తా ఉంది,
మన మాటలన్నీ ఇంటా ఉంది."

కళ్ళు ఇంకా గట్టిగా మూసుకునేదాన్ని.